పిక్నిక్ కంటే ముందు పెట్రోలు బిల్లు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు, పల్లెల్లోని స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసేవాళ్లు రాసినవి. నేను అనంతపురం జిల్లాలో బాలవాడీ టీచరుగా మొదలై, ఫీల్డు కో-ఆర్డినేటరుగా తిరిగి, చివర్లో చాలాకాలం ఆఫీసు, అకౌంట్లు చూసి రిటైరయ్యాను. కాబట్టి మిగతా ఉత్తరాలు వచ్చే సంచికకు ఉంచి, ఇవాళ ఈ నాలుగింటికే జవాబు రాస్తున్నాను. పేర్లు, ఊళ్ల పేర్లు తీసేశాను.

ప్రశ్న: మేడమ్, మాది కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో పనిచేసే చిన్న సంస్థ. మొత్తం 14 మందిమి. మిరపకోతలకు గుంటూరు వైపు వలసపోయే కుటుంబాల పిల్లల చదువు, మహిళల పొదుపు సంఘాలు మా పని. సంస్థ పెట్టిన పెద్దాయన వయసు మీదపడి తప్పుకున్నాక ఏడాదిన్నరగా నేను చూస్తున్నాను. ఈలోపే ఐదుగురు మానేశారు. అడిగితే ‘ఇంట్లో ఇబ్బంది సార్’ అంటారు తప్ప ఇంకేమీ చెప్పరు. అందరి పుట్టినరోజులూ చేస్తున్నాం. మొన్న గండికోట తీసుకెళ్లాం. టీమ్ బిల్డింగ్‌కని ఒక ట్రైనర్‌ని కూడా పిలిపించాం. జీతాలు పెంచే స్థోమత లేదు, ప్రాజెక్టులో ఎంత రాసుంటే అంతే. ఆఫీసులో మంచి వాతావరణం రావాలంటే ఇంకేం చేయాలి?

జవాబు: గండికోట గురించి రాశారు, ట్రైనర్ గురించి రాశారు. మీ ఫీల్డు వాళ్ల టీఏ (ప్రయాణ భత్యం) బిల్లులు ఎన్నాళ్లకు పాసవుతున్నాయో మాత్రం రాయలేదు. నేనైతే అక్కడి నుంచే మొదలుపెడతాను. మానేసిన ఐదుగురి ఫైళ్లు తీయండి. చివరి ఆరు నెలల్లో వాళ్లు బిల్లు పెట్టిన తేదీ ఒక పక్క, డబ్బు చేతికందిన తేదీ ఇంకో పక్క రాసుకోండి.

ఒక లెక్క వేద్దాం. 12,000 జీతానికి పనిచేసే అబ్బాయి రోజుకు 45 కిలోమీటర్లు బండి మీద తిరుగుతాడనుకోండి. నెలకు 25 రోజులు. బండి లీటరుకు 45 ఇస్తే నెలకు 25 లీటర్లు. లీటరు 110 రూపాయల చొప్పున 2,750. బిల్లు రెండు నెలలకు గానీ పాసవకపోతే, అతను ఎప్పుడు చూసినా సంస్థకు 5,500 అప్పిచ్చి ఉన్నట్టే. దాదాపు సగం జీతం. అంత డబ్బు అతని దగ్గర ఉండదు. ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకో మూడు రూపాయల వడ్డీకో తెస్తాడు. మీ సంఘాల్లో ఆడవాళ్లు రూపాయి వడ్డీకి అప్పు తీసుకుంటుంటే, వాళ్లకు ఆ లెక్కలు నేర్పే అబ్బాయి బయట రెండు రూపాయల వడ్డీ కడుతుంటాడు.

ఇది వాళ్లు పైకి చెప్పరు. సేవ చేయడానికి వచ్చి డబ్బుల గురించి మాట్లాడుతున్నారంటారని భయం. ‘ఇంట్లో ఇబ్బంది’ అన్నది అబద్ధం కాదు. ఆ ఇబ్బందికి మూలం ఆఫీసులో ఉందని మీ ముఖం మీద చెప్పడానికి మొహమాటం, అంతే.

నేను అకౌంట్లు చూసిన చోట ఫీల్డులో తిరిగే ప్రతి ఒక్కరికీ నెల మొదట్లోనే ఖర్చులకు అడ్వాన్సు ఇచ్చేవాళ్లం. నెలాఖరున ఓచర్లు పెట్టి సర్దుబాటు చేసుకునేవాళ్లు. దాంతోపాటు ఇంకో కట్టుబాటు ఉండేది. డోనరు నుంచి ఫండు ఆలస్యమైతే, ఉన్న డబ్బుతో ముందు ఫీల్డు వాళ్ల జీతాలు, తర్వాత ఆఫీసు వాళ్లవి, అందరికన్నా చివర డైరెక్టరుది. ఈ వరస అందరికీ తెలుసు. జీతం ఆలస్యమైన నెలల్లో కూడా మా దగ్గర గుసగుసలు లేకపోవడానికి అదే కారణమని నా నమ్మకం. మీరు ఈ ఒక్కటి చేసినా ఆర్నెల్లలో తేడా చూస్తారు.

పెద్దాయన ఉన్నప్పుడు ఇలా లేదని మీ పాతవాళ్లు అంటూనే ఉంటారు. నిజమే అయ్యుంటుంది. అలాంటి పెద్దవాళ్లను నేను దగ్గర నుంచి చూశాను. పిల్లకు జ్వరమంటే జేబులోంచి 500 తీసి చేతిలో పెట్టేవారు, లీవు లెటరు అడిగేవారు కాదు. దాని విలువ నేను తగ్గించను. మన జిల్లాల్లో సంస్థలు నిలబడ్డది అలాంటి మనసులున్న మనుషుల వల్లే. కానీ ఆ ఆదరణ దగ్గరికి వెళ్లి అడగగలిగిన వాళ్లకే దొరికేది. కొత్తగా చేరిన అమ్మాయికి, రెండు మండలాల అవతల ఉండే ఊరి కార్యకర్తకు (యానిమేటరుకు) అందేది కాదు. పైగా ఆయన తప్పుకోగానే అదీ ఆగిపోయింది. మీరు ఆయనలా ఉండాలని చూడకండి. ఆయన ఇష్టంతో చేసినవి మీరు కాగితం మీద పెట్టండి. బిడ్డకు బాగాలేకపోతే ఎన్ని రోజులు లీవు, అత్యవసరానికి ఎంత అడ్వాన్సు, ఆదివారం మీటింగు పెడితే బదులు సెలవు ఎప్పుడు, బండి మీద పడితే ఆస్పత్రి ఖర్చు ఎవరిది. తెలుగులో మూడు పేజీలు చాలు. అందరినీ కూర్చోబెట్టి చదివి వినిపించండి. వంటామె, డ్రైవరు, వాచ్‌మన్ కూడా ఆ రోజు కూర్చోవాలి.

బండి సంగతి వచ్చింది కాబట్టి ఇదీ చెబుతాను. ప్రధానమంత్రి సురక్షా బీమాకు ఏడాదికి 20 రూపాయలు, జీవన్ జ్యోతి బీమాకు 436. మొదటిది ప్రమాదంలో చనిపోయినా, పూర్తి అంగవైకల్యం వచ్చినా 2 లక్షలు, రెండోది ఏ కారణంతో మరణించినా 2 లక్షలు. మీ 14 మందికీ రెండూ కలిపి 6,384 రూపాయలు. జీవన్ జ్యోతిలో చేరాలంటే 50 ఏళ్లలోపు ఉండాలి, అది చూసుకోండి. ఇక పీఎఫ్ 20 మంది ఉన్నచోటే తప్పనిసరి. అయినా తక్కువమంది ఉన్న సంస్థ తనంతట తాను చేరవచ్చు. కొత్త ప్రాజెక్టు ప్రతిపాదన రాసేటప్పుడు సంస్థ వాటా కూడా జీతాల పద్దులో కలిపి అడగండి. అడక్కపోతే ఏ డోనరూ ఇవ్వడు.

జీతాలు పెంచలేమన్నారు. 2020లో విదేశీ విరాళాల చట్టానికి సవరణ వచ్చాక ఆ విరాళాల్లో పాలనా ఖర్చుల (ఆఫీసు జీతాలు, అద్దె లాంటివి) పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి పడిపోయింది. ఆ డబ్బును పెద్ద సంస్థలు చిన్న సంస్థలకు ఇచ్చే వీలు కూడా లేకుండా పోయింది. పల్లెల్లో ఎన్నో ఆఫీసులు దాంతోనే చిక్కిపోయాయి. ఈ సంగతి మీకు, అకౌంటెంటుకు తెలిసినంతగా మిగతా 12 మందికి తెలుసా? తెలియకపోతే, డబ్బు ఉండి కూడా ఇవ్వడం లేదనుకుంటారు. బడ్జెట్ షీటు ఏడాదికోసారి అందరి ముందూ పరచండి. ముఖ్యంగా డిసెంబరులో. మార్చి 31తో ఎవరి ప్రాజెక్టు అయిపోతోంది, ఎవరిది కొనసాగుతుంది, ఎవరిది ఇంకా తేలలేదు అన్నది అప్పుడే చెప్పేయండి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మన సంస్థల్లో ఉండే టెన్షన్ నాకు బాగా తెలుసు. రిపోర్టులు రాసేవాళ్ల మనసు రిపోర్టుల మీద ఉండదు. చెడ్డవార్త అయినా మూడు నెలల ముందు తెలిస్తే మనిషి వేరే దారి చూసుకుంటాడు, ఉన్నన్నాళ్లూ మనసు పెట్టి పనిచేస్తాడు. చివరి వారం దాకా దాచి పెట్టడం నాకు ఎప్పుడూ క్షమించదగ్గదిగా అనిపించలేదు.

ఇంకో సంగతి వాట్సాప్ గ్రూపు. సంఘం మీటింగుకు 30 మంది రావాలని టార్గెట్, 11 మందే వచ్చారు. ఆ అమ్మాయి ఉన్నది ఉన్నట్టు ఫొటో పెట్టింది. అందరూ చూస్తుండగా ‘ఇదేంటి?’ అని మీరో కో-ఆర్డినేటరో అడిగారనుకోండి, వచ్చే నెల రిజిస్టరులో 30 సంతకాలూ ఉంటాయి, అన్నీ ఒకే పెన్నుతో. అదే మీరు ఫోన్ చేసి ‘ఎందుకు రాలేదమ్మా?’ అని అడిగితే అసలు సంగతి తెలుస్తుంది. సగం ఇళ్లు వలస వెళ్లి ఉంటాయి, మిగతావాళ్లకు ఉపాధి పని ఉండి ఉంటుంది. ప్రాజెక్టుకు పనికొచ్చేది ఈ జవాబే. సోమవారం మీటింగులో ముందు మీరే, ఆ వారం మీరు చేయలేకపోయిన పని చెప్పండి. కలెక్టరాఫీసులో ఫైలు కదల్లేదనో, డోనరు ఒప్పుకోలేదనో. కొన్ని వారాలు మీరొక్కరే మాట్లాడతారు. ఆ తర్వాత వాళ్లూ మొదలుపెడతారు.

చివరగా, ఉత్తరంలో మీరు రాయని సంగతి ఒకటి అడుగుతాను. మధ్యాహ్నం మీ ఆఫీసులో ఎవరెవరు కలిసి తింటారు? టీ గ్లాసులు ఎవరు కడుగుతారు? ఎస్సీ కాలనీలో మీటింగులకు ఎప్పుడూ ఒక్కరినే పంపుతున్నారా? ఊరి మధ్యలో సర్పంచి ఇంటి దగ్గర మాట్లాడాల్సి వస్తే ఇంకొకరు వెళుతున్నారా? పల్లెల్లో పనిచేసే సంస్థకు ఆ పల్లెలవాళ్లే వస్తారు, ఊళ్లో అలవాట్లు కూడా వాళ్లతోపాటు గేటు దాటి లోపలికొస్తాయి. ఎవరూ నోరు విప్పరు, కానీ ఆ బాధతో మానేసినవాళ్లు నాకు చాలామంది తెలుసు. వంట ఒకే గిన్నెలో ఉండాలి, ఎవరి కంచం వాళ్లే కడుక్కోవాలి, మొదట మీ కంచం మీరు కడగాలి. పని మండలాన్ని బట్టి పంచండి, మనిషి పుట్టుకను బట్టి కాదు. ఇందులో మెల్లగా మారుద్దామనే బేరానికి నేను ఒప్పుకోను. మీరు కుర్చీలో కూర్చున్న మొదటి వారమే కావాల్సిన మార్పు ఇది.

ప్రశ్న: మేడమ్, మాది నారాయణపేట జిల్లా. ఆడవాళ్లకు బస్సు ఉచితమయ్యాక మా సంస్థలో మహిళా సిబ్బందికి టీఏ మొత్తం తీసేశారు. మగవాళ్లకు కిలోమీటరు లెక్కన ఇస్తున్నారు. ‘మీకు ఖర్చే లేదు కదా’ అంటున్నారు. ఇది సరైనదేనా?

జవాబు: సరికాదు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం. చాలా మంచి పని. కానీ పల్లెవెలుగు బస్సు రోడ్డు మీద దింపుతుంది, మీ పని లోపలి తండాలో ఉంటుంది. అక్కడికి షేర్ ఆటో ఉచితం కాదు. సాయంత్రం బస్సు తప్పితే ఇంకోదాని కోసం గంటసేపు రోడ్డు మీద నిలబడాలి, ఆ గంట కూడా పనిగంటే. మీరందరూ కలిసి ఒక వారంపాటు ఆటోలకు ఎంతైంది, బస్సు కోసం ఎంతసేపు ఆగారు అన్నది రాసి, ఆ కాగితం ఇచ్చి మాట్లాడండి. ఆటో ఖర్చు ఇవ్వమనండి, ఆడామగా తేడా లేకుండా ఫీల్డుకు వెళ్లిన రోజుకు ఒకే రకం భత్యం ఇవ్వమనండి. ప్రాజెక్టు బడ్జెట్‌లో ప్రయాణాల పద్దు ఎలాగూ ఉంటుంది. అందులో మిగిలింది తిరిగి డోనరుకు వెళ్లేకన్నా మీ భత్యానికి వాడుకోవడానికి డోనరు అనుమతి అడగడం సులువు.

ప్రశ్న: అమ్మా, నాకు 24 ఏళ్లు. అల్లూరి సీతారామరాజు జిల్లా ఏజెన్సీలో ఒక సంస్థలో గౌరవ వేతనం మీద పనిచేస్తున్నాను. ఉద్యోగి అని ఆర్డరు లేదు. సంఘం మీటింగులు రాత్రి ఏడు తర్వాతే జరుగుతాయి, జనం పొలాల నుంచి అప్పుడే వస్తారు. ఆ వేళ బస్సు ఉండదు. మా సీనియరు ‘నా బండెక్కు, దింపుతా’ అంటాడు. దారిలో ఆయన మాటలు బాగుండవు. రాత్రి పదికి రిపోర్టు వంకతో ఫోన్లు. వద్దంటే దూరం ఫీల్డుకు వేయిస్తానంటాడు. ఇంట్లో చెబితే పని మాన్పిస్తారు. ఆఫీసు గోడ మీద లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ అని కాగితం అంటించారు గానీ, అందులో పేరున్న అక్కకే తను మెంబరని తెలియదు.

జవాబు: చూడమ్మా, నీకు ఆర్డరు లేకపోయినా చట్టం దృష్టిలో నువ్వు ఉద్యోగివే. 2013లో వచ్చిన పనిచోట లైంగిక వేధింపుల నిరోధక చట్టం జీతగాళ్లకే కాదు, గౌరవ వేతనం తీసుకునేవాళ్లకు, ఏమీ తీసుకోని వాలంటీర్లకు కూడా వర్తిస్తుంది. నువ్వు పని మీద వెళ్లిన ఊరు పనిచోటే, పని కోసం సంస్థ ఏర్పాటు చేసిన వాహనం కూడా పనిచోటే.

ఈ చట్టానికి బీజం పడిందే నీలాంటి ఒక పల్లె కార్యకర్త వల్ల. రాజస్థాన్‌లో భన్వరీ దేవి ప్రభుత్వ మహిళాభివృద్ధి కార్యక్రమంలో కొద్దిపాటి గౌరవ వేతనానికి పనిచేసే సాథిన్ (ఊరి కార్యకర్త). ఒక పసిపిల్ల పెళ్లి ఆపడానికి ప్రయత్నించినందుకు 1992లో ఆమె మీద సామూహిక అత్యాచారం చేశారు. చేస్తున్న పని వల్లే ఆమెకది జరిగింది, కానీ పనిచేసే చోట ఆమె రక్షణ బాధ్యత ఎవరిదో చెప్పే చట్టం అప్పుడు లేదు. మహిళా సంఘాలు సుప్రీంకోర్టుకు వెళితే 1997లో విశాఖ తీర్పు (కేసు వేసిన ‘విశాఖ’ అనే సంస్థ పేరు అది) వచ్చింది, దానిమీద 2013 చట్టం వచ్చింది. ఇది పట్నం కంపెనీల వాళ్ల చట్టమని ఎవరైనా నీతో అంటే నమ్మకు.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది. ఇంతవరకు జరిగినవి తేదీలు, ఊళ్లు, అన్న మాటలతో ఒక నోటుపుస్తకంలో రాయి. ఫోన్లో కాల్ లిస్టు, మెసేజీలు చెరపకు, ఫొటోలు తీసి నీకు నమ్మకమైన ఒకరికి పంపి ఉంచు. ఫిర్యాదు రాతపూర్వకంగా ఇవ్వాలి, చివరిసారి జరిగిన మూడు నెలల్లోపు. తగిన కారణముంటే ఇంకో మూడు నెలలు పొడిగిస్తారు. మీ సంస్థలో 10 మంది ఉంటే అంతర్గత కమిటీ ఉండి తీరాలి. దానికి సీనియర్ మహిళ అధ్యక్షురాలు కావాలి, సభ్యుల్లో కనీసం సగం మంది ఆడవాళ్లు ఉండాలి, ఒకరు బయటివాళ్లు ఉండాలి. కమిటీ వేయకపోతే సంస్థకు 50,000 దాకా జరిమానా. 10 మంది కన్నా తక్కువ ఉన్నా, ఫిర్యాదు యజమాని మీదే అయినా, జిల్లా స్థాయిలో లోకల్ కమిటీ ఉంటుంది, అక్కడ ఇవ్వు. కేంద్రం నడిపే షీ-బాక్స్‌లో ఆన్‌లైన్‌లో కూడా ఇవ్వొచ్చు. విచారణ 90 రోజుల్లో ముగియాలి. ఈలోపు ఆయన్ని వేరే ఫీల్డుకు మార్చమనీ, లేదా నీకు సెలవు ఇవ్వమనీ రాసి అడిగే హక్కు నీకుంది. నీ పేరు బయటపెట్టడాన్ని చట్టం నిషేధించింది. ఏ రాత్రయినా భయమేస్తే మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చెయ్యి. గోడ మీద పేరున్న ఆ అక్క దగ్గరికి కూడా వెళ్లు. తన బాధ్యత ఏమిటో తెలిస్తే ఆమే నీకు మొదటి తోడు కావచ్చు.

ఈ ఉత్తరం చదివే సంస్థల పెద్దలకు ఒక మాట. రాత్రి మీటింగు తప్పదు, అది నిజం. అలాంటప్పుడు ఇద్దరు కలిసి వెళ్లాలి. ఆటోను నెల బాడుగకు మాట్లాడి పెట్టాలి. ఆలస్యమైతే ఆ ఊళ్లోనే సంఘం లీడరు ఇంట్లో ఉండి, మర్నాడు మధ్యాహ్నం డ్యూటీకి రావాలి. మేము అలాగే నడిపాం. ఇల్లు చేరాక ఒక నంబరుకు మిస్డ్ కాల్ ఇచ్చేవాళ్లు, అది రాని రాత్రి ఆఫీసులో ఎవరో ఒకరు మేలుకుని ఉండేవాళ్లం. రాత్రి ఎనిమిది తర్వాత రిపోర్టు కోసం ఫోన్లు ఉండేవి కావు. ఎవరిని ఏ ఫీల్డుకు వేయాలన్నది ఏ ఒక్క సీనియరు చేతిలోనూ ఉండకూడదు, ఇద్దరు సంతకం పెట్టాలి. ఈ అమ్మాయిని బెదిరించడానికి వాడుతున్న ఆయుధం అదే.

ప్రశ్న: మేడమ్, నేను ఆత్మహత్య చేసుకున్న రైతుల కుటుంబాలకు పరిహారం కాగితాలు సిద్ధం చేయించే పని చేస్తున్నాను. మూడేళ్లవుతోంది. ఈ మధ్య నిద్ర పట్టడం లేదు, ఇంట్లో పిల్లల మీద ఊరికే కోపం వస్తోంది. మా డైరెక్టరు మంచివారే. చెబితే ‘నువ్వు గట్టివాడివిలే’ అని భుజం తడతారు. పని మానేయాలని లేదు. ఏం చేయాలి?

జవాబు: బాబూ, నేను ఆ పని చేశాను. 2004లో ఈ పరిహారం గురించి ప్రభుత్వ ఉత్తర్వు, జీవో 421 వచ్చాక అనంతపురం జిల్లాలో ఎన్నో ఇళ్లకు వెళ్లాం. ఎఫ్‌ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు, భూమి పాస్‌బుక్, అప్పుల పత్రాలు, ఇవన్నీ ఉంటే గానీ డివిజన్ స్థాయి కమిటీ ముందు కేసు నిలబడదు. భర్త పోయిన మనిషిని ‘ఏ మందు తాగాడమ్మా, ఎన్నింటికి చూశావు, అప్పు ఎవరి పేరు మీద’ అని అడగాలి. ఒకసారి కాదు, ఒక్కో కాగితానికీ మళ్లీ. కౌలు రైతయితే పాస్‌బుక్ ఉండదు, నోటి మాట కౌలుకు సాక్ష్యం దొరకదు. కేసు కొట్టేస్తే ఆ మాట ఆమెకు చెప్పాల్సింది కూడా మనమే. ఇన్నేళ్లు ఇది చేసిన మనిషికి నిద్ర పట్టకపోవడం బలహీనత కాదు. మీ డైరెక్టరు మీ భుజం తట్టినంత మాత్రాన ఆ బరువు తగ్గదు.

ఆయన మంచివారన్నారు కదా, ఆయన చేయగలిగిన పనులే అడగండి. అలాంటి ఇంటికి ఒక్కరు కాకుండా ఇద్దరు వెళ్లాలి, ఒకరు మాట్లాడాలి, ఒకరు రాయాలి. ఒకే రోజు అలాంటి రెండు ఇళ్లు వద్దు. మర్నాడు ఆఫీసు పనో, స్కూలు పనో ఉండాలి. కేసు కొట్టేసిన వార్త చెప్పడానికి మీతో డైరెక్టరే రావాలి. ఆర్నెల్లకోసారి ఈ పని ఇంకొకరికి మారాలి, మీకు కొన్నాళ్లు వేరే ప్రాజెక్టు ఇవ్వాలి. నెలకోసారి ఈ పని చేసేవాళ్లంతా, వీలైతే పక్క సంస్థలవాళ్లతో కలిసి, సగం రోజు కూర్చుని మాట్లాడుకోవాలి. అక్కడ మినిట్స్ రాయకూడదు, ఫొటోలు తీయకూడదు, రిపోర్టు ఉండకూడదు. మాకు ఆ సగం రోజే ఎక్కువ ఆసరాగా ఉండేది. కొందరు ఏడ్చేవాళ్లు, కొందరు ఏమీ మాట్లాడకుండా కూర్చుని వెళ్లేవాళ్లు.

ఇక మీ ఆరోగ్యం సంగతి డైరెక్టరు ఒప్పుకునే దాకా ఆగకూడదు. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, ఉచితం, పగలూ రాత్రీ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. మీరు ఎదుటి కుటుంబాలకు ఇస్తున్న నంబరు అదే అయ్యుంటుంది, మీకూ అది పనికొస్తుంది. ఇవాళే ఫోన్ చేయండి. ఇలాగే ఇంకో రెండు వారాలు నిద్ర లేకపోతే జిల్లా ఆస్పత్రిలో మానసిక వైద్యుడిని కలవండి. ఆ రోజుకు లీవు లెటరులో కారణం దాచకుండా రాయండి. పిల్లలతో కూడా, ‘నాన్నకు నిద్ర సరిగా లేదు, మీ తప్పేం లేదు’ అని చెప్పండి.